పాత టేకు దూలాలతో ఐదడుగుల బల్ల: కోతకు పంపే ముందు ఏం చూడాలి, ఏ ముక్క ఎక్కడ వాడాలి?

దూలంముక్క అడిగారు:

కూల్చిన కట్టడం నుంచి తీసిన టేకు ఉంది. 100 × 150 మి.మీ. దూలాలు మూడు, ఒక్కోటి 2400 పొడవు. ద్వారబంధం నిలువు కమ్ములు రెండు, 65 × 100, పొడవు 2000. దీనితో 1500 × 750 బల్ల చేయాలనుకుంటున్నాను. ఎత్తు 750, పైపలక మందం 25, కాళ్లు 70 చదరం.

కలప పరిస్థితి ఇదీ. రెండు దూలాలకు చివర్లలో పగుళ్లున్నాయి. మూడోదానికి చివర కోతలో సరిగ్గా నడిమధ్య మాను దవ్వ (చెట్టు నడిమి మెత్తటి భాగం) కనిపిస్తోంది. అన్నిటికీ మేకులున్నాయి, కొన్ని తలలు ఊడిపోయి లోపలే ఉండిపోయాయి. ఒక దూలం అంచున తెల్ల చెక్క (బెరడు వైపు లేత చెక్క) ఉన్నంత మేర గుండుసూది తలంత బెజ్జాలు, తడితే సన్నటి పిండి రాలుతోంది. ద్వారబంధం మీద మూడు నాలుగు పొరల పాత ఆయిల్ పెయింట్ ఉంది.

అడగాల్సినవి: ఈ కలప సరిపోతుందా? మేకులు పూర్తిగా పోయాయని తేల్చుకునేదెలా (కోత మిల్లులో బ్లేడు పోతుందని ఒప్పుకోవడం లేదు)? పురుగు ఇంకా బతికి ఉందా? పెయింట్ గీకడమా, కాల్చడమా? దూలాన్ని పలకలుగా కోశాక అవి వంకర పోకుండా ఏం చేయాలి?

---

చేవకర్ర జవాబు:

సరిపోతుంది. అయితే 70 కాలు రాదు, 65 వస్తుంది. పాత కలపతో పని చేసేటప్పుడు కొలతలు ముందే గీసి పెట్టుకోకూడదు, ఉన్న చెక్క ఎంత ఇస్తుందో చూసి గీయాలి.

దవ్వ ఉన్న దూలాన్ని కాళ్లకు పెట్టండి. దవ్వను పలకలో ఉంచితే ఆ గీత వెంబడి తప్పకుండా పగులుతుంది. అదే దూలాన్ని 150 వైపు సరిగ్గా మధ్యకు చీలిస్తే రంపం దవ్వ మీదుగానే పోతుంది. రెండు సగాలు 74 × 100 చొప్పున వస్తాయి. ఒక్కో సగంలో 100 ను 73 కు తగ్గించండి. ఇక 65 కు చిత్రిక పట్టేటప్పుడు బయటి ముఖం నుంచి మురికి పోయేంత, అంటే 2–3 మి.మీ. తీసి, మిగతాదంతా చీలిక ముఖం నుంచే తీయండి. దవ్వ ఆ పొట్టులోనే పోతుంది. కాలు పొడవు 725, కొసరుతో కలిపి 775 అనుకుంటే 2400 లో మూడు నిడివులు వస్తాయి. ఒక్కో నిడివిలో రెండు కాళ్లు కాబట్టి మొత్తం ఆరు. నాలుగు వాడుకుంటే రెండు చేతిలో ఉంటాయి. లోపల ఏదైనా పుచ్చు బయటపడినా కంగారు ఉండదు.

మిగతా రెండు దూలాలు పైపలకకి. 100 మందాన్ని మూడు చేయండి. బ్యాండ్ సా కోత 2 మి.మీ. తింటుందనుకుంటే ఒక్కో పలక 32 మందం, 150 వెడల్పు. రెండు దూలాలకు ఆరు పలకలు. అంచులు శుభ్రం చేశాక 140 మిగిలినా ఆరింటికి 840 అవుతుంది, మీకు కావలసింది 750. ఆ 90 మి.మీ. మీ తెల్ల చెక్క, మేకు బెజ్జాలు తీసేయడానికి పనికొస్తుంది. 32 నుంచి 25 కు దిగడానికి 7 మి.మీ. ఉంది. అది ఎక్కువేం కాదు, అందుకే కోత తిన్నగా రావాలి. సర్క్యులర్ సాతో రెండు వైపుల నుంచి కోయిస్తే కోతకే 4–5 మి.మీ. పోతుంది, పైపలక 22 కు దిగిపోతుంది.

చట్రం పట్టీల (పైపలక కింద కాళ్లను కలిపేవి) దగ్గర జాగ్రత్త. కాళ్లు పైపలక అంచు నుంచి 60 లోపలికి ఉంటే కాళ్ల మధ్య దూరం పొడవు వైపు 1250, వెడల్పు వైపు 500. రెండు కొసలా 40 చొప్పున నాలుక (కాలి బెజ్జంలో దూరే కొస) కలిపితే పట్టీ నిడివి 1330, 580. పైపలక పలకల్ని 1550 కు కోశాక మిగిలే 850 ముక్కల్లో పొట్టి పట్టీలు హాయిగా వస్తాయి, పొడవు పట్టీలు రావు. అవి ద్వారబంధం నుంచి తీయాలి. కమ్మిని 65 వైపు రెండుగా చీలిస్తే తలుపు ఆనే గాడి ఉన్న సగం దాదాపు వృథా. గాడి లేని సగం 31 × 100 నిండుగా వస్తుంది, దాన్ని 24 × 90 చేయొచ్చు. రెండు కమ్ములకు రెండు పొడవు పట్టీలు సరిగ్గా సరి. కమ్మిలో నేలకు ఆనిన కొస తడి తిని ఉంటుంది, కాబట్టి 1350 ని పై కొస నుంచి కొలుచుకోండి. బందు గాట్లు పట్టీ లోపలి ముఖానికి వచ్చేలా చూసుకుంటే అతుకు వేసే పని కూడా తప్పుతుంది.

చివరి పగుళ్లు: కంటికి కనిపించే పగులు ఆగిన చోట లోపలి పగులు ఆగదు. చివర నుంచి 20 మి.మీ. మందాన బిళ్ల కోసి రెండు చేతులతో విరవండి. సన్నటి పగులుంటే అక్కడే విరుగుతుంది. విరిగినంత కాలం ఇంకో బిళ్ల కోయండి. 2400 లో 1550 మాత్రమే కావాలి కాబట్టి పిసినారితనం అక్కర్లేదు.

---

కొంకిసుత్తి జవాబు:

మేకుల గురించి.

ముందు కడగడం కాదు, బ్రష్. గట్టి ఇత్తడి బ్రష్‌తో మట్టి, సున్నం, సిమెంటు పెళ్లలు దులపండి. మేకుల కంటే ఎక్కువగా బ్లేడు పదును తీసేది ఈ ఇసుకే. దులిపాక పక్కనుంచి టార్చి వేసి చూస్తే ప్రతి మేకు చుట్టూ నల్లటి మచ్చ కనిపిస్తుంది. టేకు లాంటి చెక్కల్లోని టానిన్‌కు ఇనుము, తేమ తోడైతే వచ్చే నలుపు అది. తల లేని మేకును పట్టిచ్చేది ఆ మచ్చే. ప్రతి మచ్చ చుట్టూ సుద్దతో సున్న చుట్టండి, తీశాక కొట్టేయండి.

తుప్పు పట్టిన మేకును నేరుగా లాగితే తల ఊడి వస్తుంది. ముందు సుత్తితో ఒక దెబ్బ లోపలికే వేయండి, తుప్పు పట్టు విడుతుంది, అప్పుడు లాగండి. మొన అవతలికి వచ్చి ఉంటే మొన వైపు నుంచి పంచ్ పెట్టి తల వైపుకు తోయాలి. మొనను వంచి కొట్టి ఉంటే ముందు నిటారు చేయండి, లేకపోతే వచ్చేటప్పుడు చెక్కను చీల్చుకుంటూ వస్తుంది. కొంకి కింద చెక్క ముక్క పెట్టి తిప్పండి. ఆ ముక్క లేకుంటే మీ పైపలక మీద కొంకి గుంట పడుతుంది, 7 మి.మీ. కొసరులో 3 దానికే పోతుంది.

అప్పటికీ కదలని దానికి పెద్ద సోల్డరింగ్ ఐరన్ మొనను మేకు మీద కాసేపు ఆనించండి. వేడికి ఇనుము సాగి చుట్టూ ఉన్న చెక్కను కొంచెం నొక్కుతుంది, చల్లారాక వదులవుతుంది. విరిగిపోయి లోపల ఉన్నవాటికి బోలు గొట్టం లాంటి ఎక్స్‌ట్రాక్టర్ వాడాలి. మేకు చుట్టూ చెక్కను కోసి, మేకునూ చెక్కనూ కలిపి తీసేస్తుంది. ఆ రంధ్రానికి అదే కలపతో, గ్రెయిన్ (చెక్క నార) పలక వెంబడే ఉండేలా బిరడా కోసి జిగురుతో బిగిస్తే ఇంచుమించు కనబడదు. కర్ర కడ్డీ ముక్క పెట్టకండి. దాని అడ్డకోత పైకి వచ్చి పాలిష్ పడగానే నల్లటి చుక్కలా తేలుతుంది.

తీసినట్టు రుజువు కావాలంటే చేతి మెటల్ డిటెక్టర్. నాలుగు ముఖాలూ తిప్పాలి, ఎందుకంటే 100 మందం దూలంలో మధ్యనున్న చిన్న మొనను ఒకవైపు నుంచి పట్టుకోలేదు. అయస్కాంతం ఇనుముకే, ఇత్తడి స్క్రూను చూపదు. పలకలుగా కోశాక మళ్లీ తిప్పండి. చిత్రిక మిషన్‌కు పెట్టే ముందు ఈ రెండోసారి చూడటమే ముఖ్యం. కోత బ్లేడుకు మేకు తగిలితే కొన్ని పళ్లు పోతాయి. ప్లేనర్ కత్తికి తగిలితే మాత్రం ఆ గాటు ప్రతి పలక మీదా పొడవునా సన్నటి గట్టులా దిగుతుంది. (అలా జరిగితే కత్తుల్లో ఒకదాన్ని ఒకటి రెండు మి.మీ. పక్కకు జరపండి. గాట్లు ఒక వరుసలో ఉండవు కాబట్టి గట్టు మాయమవుతుంది.)

మిల్లు వాళ్లు ఒప్పుకోకపోతే డిటెక్టర్ వాళ్ల ముందే తిప్పి చూపించండి. ఎలాగూ మార్చాల్సిన పాత బ్లేడుతో, అంగుళానికి 3 పళ్లు ఉన్నదానితో కోయమనండి. కోసేటప్పుడు లోపలి బిగువు వల్ల చీలిక మూసుకుపోయి బ్లేడును పట్టేస్తుంది. చీలికలో వెనక నుంచి చెక్క సీల దోపుతూ పోవాలి. టేబుల్ సా మీద అయితే రివింగ్ కత్తి (బ్లేడు వెనక చీలిక మూసుకోకుండా ఆపే రేకు) తీసేసి ఈ కలప చీల్చడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

---

పుచ్చుపురుగు జవాబు:

పిండి విషయం. మైదా లాంటి మెత్తటి పిండి, 1–2 మి.మీ. గుండ్రటి బెజ్జాలు, అదీ తెల్ల చెక్కలో మాత్రమే అంటే అది పౌడర్‌పోస్ట్ రకం పురుగు. అది తినేది తెల్ల చెక్కలోని పిండి పదార్థం. టేకు చేవ (లోపలి ముదురు చెక్క) జోలికి రాదు. మీ దగ్గర వెడల్పులో 90 మి.మీ. కొసరుంది కాబట్టి వైద్యం కంటే కోత నయం. తెల్ల చెక్క మొత్తం చీల్చి పడేయండి, ఇంటి బయట.

బతికి ఉందో లేదో కూడా తెలియాలంటే ఉన్న పిండిని పూర్తిగా దులిపి, బెజ్జాల చుట్టూ పెన్సిల్ సున్నాలు చుట్టి, కింద నల్ల కాగితం పరిచి కొన్ని వారాలు కదపకుండా ఉంచండి. కొత్త పిండి తెల్లగా, కుప్పలా పడుతుంది. చెక్కను కదిపినప్పుడు మాత్రమే రాలేది పాతది. చలిలో ఈ పరీక్ష నమ్మకండి, పురుగు మందగిస్తుంది.

అందం కోసం తెల్ల చెక్క అంచు ఉంచుకోవాలనిపిస్తే బోరేట్ పట్టించండి. బోరాక్స్ 60 పాళ్లు, బోరిక్ యాసిడ్ 40 పాళ్లు కలిపి, లీటరు వేడినీళ్లకు ఈ మిశ్రమం 100–150 గ్రాములు. విడివిడిగా కంటే కలిపితే బాగా కరుగుతాయి. పాలిష్, పెయింట్, నూనె ఏవీ లేని పచ్చి చెక్క మీద రెండు పూతలు, తర్వాత కొన్నాళ్లు ప్లాస్టిక్ చుట్టి ఉంచితే తడితో పాటు లోపలికి దిగుతుంది. పైన తేలిన ఉప్పు జిగురును పట్టనివ్వదు కాబట్టి అతికే అంచుల్ని ఆ తర్వాతే చిత్రిక పట్టాలి. బెజ్జాల్లో కిరోసిన్ పోసే పద్ధతి వద్దు. వాసన నెలల తరబడి ఉంటుంది, జిగురూ పట్టదు, గుడ్లకూ ఏమీ కాదు.

ఇంకోటి: పలకలు తక్కువైతే ప్యాకింగ్ పెట్టెల చెక్క కలుపుదామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వాడేదైతే ముద్ర చూడండి. హెచ్‌టీ అంటే చెక్క లోపలి భాగం 56 డిగ్రీల వేడిని 30 నిమిషాలు చూసింది. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించింది, అది ఇంట్లోకి వద్దు. రైలు పట్టాల కింద స్లీపర్లు, ఆకుపచ్చ ఛాయ ఉన్న ఆర్సెనిక్ మందు చెక్క కూడా అంతే. కోయకూడదు, కాల్చకూడదు.

---

చేవకర్ర జవాబు:

పెయింట్ సంగతి ఎవరూ ఎత్తుకోలేదు. పాత ఆయిల్ పెయింట్‌లో సీసం ఉందనే అనుకొని పని చేయండి. పొడిగా సాండింగ్ చేయొద్దు, టార్చితో కాల్చొద్దు. ఒకటి దుమ్ముగా, ఇంకోటి ఆవిరిగా సీసాన్ని ఊపిరితిత్తులకు చేరుస్తాయి. పేస్ట్ రిమూవర్ మందంగా పూసి, ప్లాస్టిక్ కప్పి, మెత్తబడ్డాక తడిగా ఉండగానే గీకండి. కింద షీటు పరిచి గీకినదంతా అందులోనే మూటకట్టాలి. పీ100 రెస్పిరేటర్ (సన్నటి దుమ్మును ఆపే వడపోత మాస్కు) తప్పనిసరి, గుడ్డ మాస్కు లెక్కలోకి రాదు. ఆ బట్టలు విడిగా ఉతకండి, పిల్లలు తిరిగే చోట ఈ పని పెట్టుకోకండి.

మీ విషయంలో ఇంకా తేలిక మార్గం ఉంది. మీకు కావలసింది గాడి లేని సగం ఒక్కటే. రిమూవర్‌తో ఆ మూడు ముఖాలే తీసి, మిగతా సగాన్ని వదిలేయండి. పెయింట్ ఉండగానే ప్లేనర్‌కు మాత్రం పెట్టకండి, దుమ్ము సంచి మొత్తం విషం అవుతుంది.

---

దూలంముక్క:

అందరికీ ధన్యవాదాలు. మేకులు తీసి దూలాలు కోయించాను. కాళ్లు ఆరూ బాగానే వచ్చాయి. పలకలు ఆరింటిలో రెండు పొడవునా విల్లులా వంగాయి, పిన్ను మీటరు (చెక్కలో తేమ శాతం కొలిచేది) పైన 11, తాజా కోత మధ్యలో 15 చూపిస్తోంది. ఒక పలక అడ్డంగా దోనెలా తిరిగింది, మధ్య లోతు 6 మి.మీ. దాన్ని చిత్రిక పడితే ఎంత మిగులుతుంది? ఇప్పుడే జిగురు పెట్టేయవచ్చా?

---

తేమలెక్క జవాబు:

ఇప్పుడే వద్దు. పైన 11, లోపల 15 అంటే ఆరడం ఇంకా సగంలో ఉంది. కప్పు కింద ఎన్నేళ్లున్నా, కూల్చాక వానలో పడి ఉన్న దూలం మళ్లీ తేమ పీలుస్తుంది. ఇప్పుడు చదును చేసి అతికితే లోపలి 15 కూడా దిగేదాకా పైపలక కదులుతూనే ఉంటుంది.

మందం సమంగా ఉన్న 20–25 మి.మీ. బద్దీలు 400–500 ఎడంగా పెట్టి పలకలు పేర్చండి. బద్దీలన్నీ కింద నుంచి పైదాకా ఒకే నిలువు వరుసలో ఉండాలి, వరుస తప్పితే ఆ వంపును మీరే పలకకు నేర్పినట్టు. పైన బరువు, ఎండ తగలకూడదు, ఫ్యాన్ గాలి నేరుగా వద్దు. కొసలకు మైనం గానీ పాత పెయింట్ గానీ పూయండి, కొసల నుంచి తేమ చాలా వేగంగా పోయి మళ్లీ పగుళ్లొస్తాయి. బల్ల ఉండబోయే గదిలోనే పేర్చడం అన్నిటికన్నా మంచిది.

ఎప్పటికి ఆరింది అన్నదానికి మీటరు కంటే త్రాసు నమ్మకం. ఒక పలకను వారానికోసారి తూచి దాని మీదే రాయండి. వరుసగా రెండు మూడు తూకాల్లో బరువు మారకపోతే గదితో సమానమైంది. గాలిలో తేమ 50 శాతం ఉంటే చెక్క 9 దగ్గర, 65 ఉంటే 12 దగ్గర, 80 ఉంటే 16 దగ్గర నిలుస్తుంది. పిన్నులను మేకు ఉన్న చోట గుచ్చకండి, తప్పుడు అంకె వస్తుంది.

ఇక దోనె. 32 పలకకు 6 లోతు ఉంటే చదును చేశాక మిగిలేది గరిష్ఠంగా 26, అదీ ఒక్క పొరపాటూ లేకుండా. మెలి కూడా ఉంటే 25 రాదు. పలకను పొడవునా రెండుగా చీల్చండి. వంపు లోతు వెడల్పు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి సగం వెడల్పులో లోతు నాలుగో వంతు, అంటే 1.5. చదును చేశాక 30 దాకా మిగులుతుంది. పోయేది కోత మందం, మళ్లీ అతికే అంచు. విల్లులా వంగిన రెండింటికి ఈ మందు పనిచేయదు. వాటిని 1550 కు కోయండి, పొడవు తగ్గితే ఆ వంపూ తగ్గుతుంది. అవసరమైతే అందులోంచే పొట్టి పట్టీలు తీయండి.

చిత్రిక రెండు విడతల్లో పట్టండి. మొదట 28 కి, రెండు ముఖాల నుంచీ సమానంగా. మళ్లీ బద్దీల మీద వారం పైనే ఉంచి అప్పుడు 25 కి. ఒకే ముఖం నుంచి 5 మి.మీ. తీస్తే బిగువు ఒకవైపు వదిలి తెల్లారేసరికి పలక మళ్లీ వంగుతుంది.

కదలిక లెక్క కూడా ఇక్కడే చెప్తాను, పైపలక బిగింపు దీనిమీదే ఆధారపడుతుంది. టేకు మామూలు చదును కోతలో (వలయాలు పలక ముఖానికి సమాంతరంగా ఉండేది) తేమ ఒక్క శాతం మారితే వెడల్పులో దాదాపు 0.19 శాతం మారుతుంది. నిలువు వలయాల కోతలో 0.1. మీ 750 వెడల్పు, ఏడాదిలో తేమ 9 నుంచి 16 దాకా పోతే దగ్గర దగ్గర 10 మి.మీ. టేకు కదలదు అనే మాట నమ్మి పట్టీల్లోంచి స్క్రూలు బిగించేస్తే ఆ 10 మి.మీ. ఎక్కడో ఒకచోట పగులుగా బయటపడుతుంది.

---

ఉలిపదును జవాబు:

జిగురు, అతుకులు.

అంచు చిత్రిక పట్టిన రోజే అతకండి. టేకులో నూనె ఉంటుంది, అది నెమ్మదిగా పైకి వస్తుంది. అంచు మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. ఇంకిపోతే సరే, ముత్యంలా నిలబడితే జిగురు కూడా అలాగే నిలబడుతుంది. అలాంటప్పుడు తెల్ల గుడ్డకు ఎసిటోన్ తడిపి తుడవండి, గుడ్డకు రంగు అంటడం ఆగేదాకా, అది ఆరగానే వెంటనే జిగురు. నీళ్లకు తట్టుకునే డీ3 రకం పీవీఏ జిగురు సరిపోతుంది. ఎపాక్సీ వాడితే క్లాంప్ గట్టిగా బిగించకండి, మొత్తం బయటికి వచ్చేసి అతుకు ఎండిపోతుంది. క్లాంపులు 200 ఎడంగా, ఒకటి పైన ఒకటి కింద. ఆరు పలకలూ ఒకేసారి కాకుండా మూడు మూడు అతికి, ఆ రెండు సగాలనూ చివర కలపండి. రెండు సగాలుగా అయితే 400 వెడల్పు ప్లేనర్‌లో కూడా పడతాయి.

కాలు 65, పట్టీ 24 కదా. నాలుక మందం 10, పొడవు 40. పట్టీ కాలు బయటి ముఖం నుంచి 5 లోపలికి ఉంటే నాలుక 12 నుంచి 22 మధ్య పడుతుంది. ఈ కొలతలతో రెండు పక్కల బెజ్జాలు ఒకదాన్నొకటి తాకవు, మధ్యలో 1 మి.మీ. పైచిలుకు చెక్క మిగులుతుంది. బలం కోసమని బెజ్జం 45 కి దింపితే రెండూ కలిసిపోతాయి, ఉలి అవతలి బెజ్జంలోకి జారి మూల విరుగుతుంది. 42 లోతు తవ్వి నాలుక 40 ఉంచండి, అడుగున జిగురుకు చోటుంటుంది. బెజ్జం పడే చోట మేకు రంధ్రం లేకుండా కాళ్లను తిప్పి చూసుకోండి. రంధ్రాలు కింది సగంలో ఉండొచ్చు, పై 120 మి.మీ. మాత్రం శుభ్రంగా ఉండాలి.

పైపలక బిగింపుకి చెక్క గుండీలు చేయండి. పట్టీ లోపలి ముఖంలో గాడి, గుండీ పెదవి అందులో దూరుతుంది, గుండీని పైపలకకు స్క్రూ. పొడవు పట్టీల దగ్గర పైపలక లోపలికీ బయటికీ జరుగుతుంది, కాబట్టి గుండీకి, పట్టీ ముఖానికి మధ్య 5 మి.మీ. ఖాళీ వదలండి, పెదవి పొడవు 12 ఉండాలి, లేకపోతే జరిగినప్పుడు ఊడొస్తుంది. పొట్టి పట్టీల దగ్గర పైపలక గాడి వెంబడే జరుగుతుంది, అక్కడ ఖాళీ అక్కర్లేదు. రెండు పొట్టి పట్టీల సరిగ్గా మధ్యలో మాత్రం ఒక్కో స్క్రూ గట్టిగా బిగించండి. అప్పుడు కదలిక రెండు వైపులకూ సగం సగం పంచుకుంటుంది.

ఇక పాలిష్ దగ్గర నాది వేరే దారి. అన్నిటినీ కొత్త చెక్కలా నున్నగా చేసేటట్టయితే పాత కలప ఎందుకు? కాళ్ల బయటి ముఖాల్లో రెండింటిని చిత్రిక పట్టకుండా వదిలి, ఇత్తడి బ్రష్, 120 సాండ్ పేపర్‌తో ఆపేయండి. రంపపు గాట్లు, మేకు మచ్చలు ఉండనివ్వండి.

---

చేవకర్ర జవాబు:

కాళ్లకు సరే. అయితే చదును లేని ముఖం మీద కొలత గీయడం కుదరదు. బెజ్జాలు గీసే రెండు ముఖాలు తప్పకుండా చిత్రిక పట్టి లంబంగా ఉండాలి, బయటివి మీ ఇష్టం. పైన 2–3 మి.మీ. తీయొద్దు కాబట్టి దవ్వ వైపు మొత్తం తీస్తారు, కొలత అప్పుడూ 65 కే వస్తుంది.

పైపలక మీద మాత్రం మేకు రంధ్రాలు తెరిచి ఉంచకండి. మురికి చేరి, తడి గుడ్డ పెట్టినప్పుడల్లా నలుపు పాకుతుంది. నల్ల రంగు పొడి కలిపిన ఎపాక్సీ పోయండి. ముందు రంధ్రం గోడలకు పల్చటి పూత వేసి గట్టిపడ్డాక నింపితే బుడగలు రావు. అవతలికి దూరిన రంధ్రాలకు కింద టేపు. కొంచెం పొంగేలా నింపి, పూర్తిగా గట్టిపడ్డాక గీకండి.

నల్ల మచ్చలు అక్కర్లేదనుకుంటే లీటరు వెచ్చటి నీళ్లకు ఆక్సాలిక్ యాసిడ్ 50 గ్రాములు. పలక మొత్తం పూయాలి, మచ్చ మీదే పూస్తే చుట్టూ తెల్లటి వలయం మిగులుతుంది. అది విషం, చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు కావాలి. ఆరాక మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. కడగకుండా సాండింగ్ చేస్తే ఆ స్ఫటికాల దుమ్ము ముక్కు, గొంతు మండిస్తుంది.

---

దూలంముక్క:

పైపలకకి పాలీయురెథేన్ అనుకుంటున్నాను. టేకు మీద ఆరదంటారు, నిజమేనా?

---

ఉలిపదును జవాబు:

నూనె ఎక్కువున్న పలక మీద జిగటగా రోజుల తరబడి ఉండిపోవచ్చు. 80, 120, 180 వరుసలో సాండింగ్ చేసి, ఎసిటోన్‌తో తుడిచి, మైనం తీసిన లక్క పల్చగా ఒక పూత వేయండి. అది నూనెను లోపలే ఆపుతుంది, దాని మీద పాలీయురెథేన్ బాగా పట్టుకుంటుంది. పై ముఖానికి ఎన్ని పూతలో కింది ముఖానికీ అన్నే. కింద వదిలేస్తే తేమ ఒకవైపే పీల్చుకుని ఇంత శ్రమపడి చదును చేసిన పైపలక దోనె తిరుగుతుంది. కొత్తగా చిత్రిక పట్టిన టేకు చారలు చారలుగా కనిపిస్తుంది. రంగు వేసి సరిచేయాలని చూడకండి, కొన్ని వారాలు వెలుతురు తగిలితే తనంతట తనే కలిసిపోతుంది.

కాళ్లకు అవిసె నూనె పూసేటట్టయితే తుడిచిన గుడ్డలు ఉండగా చుట్టి పొట్టు బుట్టలో వేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకుంటాయి. విడివిడిగా బయట ఆరేయండి, లేదా నీళ్ల డబ్బాలో ముంచి మూత పెట్టండి.